బాపు ఫోన్ ఎత్తడం లేదంటే...

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. ఎరాస్మస్ ముండుస్ జర్నలిజం కోర్సు, మొదటి ఏడాది డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో, ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో, థీసిస్ గల్ఫ్ వలసల మీద. దానికోసం సెలవుల్లో జగిత్యాల వచ్చి అడిగితే, మీ బాపు ఇన్నేళ్లు దాచిన సంగతి బయటపెట్టారు. దుబాయ్‌లో కంపెనీ పని అని మీరంతా అనుకున్న రోజుల్లో ఆయన ఖల్లివల్లిగా, అంటే చెల్లే వీసా కాగితాలు లేకుండా బతికారు, అలాంటివాళ్లను శిక్ష లేకుండా వెళ్లనిచ్చిన 2007 ఆమ్నెస్టీలో ఔట్‌పాస్ (పాస్‌పోర్టు బదులు ఇచ్చే ప్రయాణ కాగితం) తీసుకుని ఇంటికొచ్చారు. అదంతా మీరు పేరు మార్చి ఒక ఇంగ్లిష్ వెబ్ పత్రికలో రాశారు. చెల్లెలి సంబంధం వాళ్లు చదివి ఆరా తీశారు. నెల రోజులుగా బాపు మీతో మాట్లాడటం లేదు, థీసిస్‌కు ప్రాణం ఆ అధ్యాయమే, ఏం చేయను అంటున్నారు.

పేరు మార్చి ఏం లాభం చెప్పండి, ‘మా నాన్న’ అని రాసి కింద మీ పేరు పెట్టాక?

విలేకరికి రికార్డర్ ముందు చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం కష్టం. సోషల్ సైన్స్ పరిశోధనలో అలా కాదు, నా మాట తీసేయండి అని ఎవరైనా మధ్యలో చెప్పొచ్చు. నిజామాబాద్‌లో, సిరిసిల్లలో మీరు కలిసిన వాళ్లకు ఆ సంగతి ముందే చదివి వినిపించి, సంతకం తీసుకున్నానని రాశారు. బాపుకు వినిపించానని మాత్రం ఎక్కడా రాయలేదు. ఆయన ఇంట్లో కూర్చుని కూతురికి చెప్పుకున్నారమ్మా.

ముందు పత్రికవాళ్లకు రాసి ఆ వ్యాసం తీసేయించండి. తీసేశాక ఆ ఒక్క ముక్క అమ్మతో చెప్పించండి, థీసిస్ గురించి ఏమీ వివరించొద్దు. బాపు వద్దంటే ఆ అధ్యాయం వదిలేయండి, టెన్షన్ పడకుండా గైడ్‌ని గడువు అడగండి. ఆమ్నెస్టీలో తిరిగొచ్చిన వాళ్లు మీ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు, ఒప్పుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. సంబంధం మాటలు పెద్దవాళ్లకే వదిలేయండి, అక్కడినుంచి మీరు వాళ్లకు ఫోన్ చేయకండి.

నన్ను బాధపెట్టింది ఇంకొకటి. కఫీల్‌ను, అంటే వీసా ఇప్పించిన యజమానిని వదిలి బయట పనికి వెళ్తే చాలు, మనిషి ఖల్లివల్లి అయిపోయేవాడు, చాలామందికి పాస్‌పోర్టు కూడా యజమాని చేతిలోనే ఉండేది. ఇదంతా మీరు చదివారు, రాశారు. బాపు మాత్రం ఇన్నేళ్లుగా తానేదో దొంగతనం చేసినట్టు కుమిలిపోతున్నారు. నువ్వు తప్పు చేయలేదు బాపూ అని ఆయనతో ఒక్కసారైనా అన్నారా? ఫోన్‌లో కుదిరే మాట కాదు అది. టికెట్‌కు డబ్బు చూసుకుని వారం రోజులు ఇంటికి వెళ్లండి, ఆయనే ఎత్తేదాకా గల్ఫ్ ఊసు మీరు ఎత్తకండి.