డ్రైసూట్ ఒంటికి సరిపోయిందని తెలుసుకోవడం ఎలా?
హైదరాబాద్‌లో ఉంటూ ఐస్‌లాండ్‌లోని సిల్‌ఫ్రా అనే నీటితో నిండిన నేల చీలికలో డైవింగ్ కోసం డ్రైసూట్ (నీరు లోపలికి రానివ్వని డైవింగ్ సూట్) కొనేటప్పుడు కొలత ఎలా చూసుకోవాలని అడిగారు. అక్కడి నీరు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. పలుచని సూట్లలో ఆ చలిని ఆపేది లోపలి ఉన్ని దుస్తులే కాబట్టి, మన మే నెల ఎండల్లో ఎంత ఉక్కపోసినా వాటిని వేసుకునే సూట్ తొడిగి చూడాలి. జిప్ పూర్తిగా మూసి, గొంతుక్కూర్చుని, తర్వాత లేచి తల వెనక సిలిండర్ వాల్వ్ ఉండే చోటికి చేయి చాచండి. భుజాల దగ్గర గానీ తొడల దగ్గర గానీ బట్ట పట్టేస్తే ఆ సూట్ మీకు చిన్నదే.

అలాగని కాళ్ల దగ్గర మరీ వదులైతే, లోపలి గాలి పాదాలకు చేరి మనిషిని తలకిందులుగా పైకి లాగేయగలదు; నా దృష్టిలో బిగుతు కన్నా ఇదే పెద్ద ప్రమాదం.

నీరు లోపలికి రాకుండా మెడను చుట్టి పట్టుకునే రబ్బరు పట్టీ, అంటే కొత్త లాటెక్స్ మెడ సీలు, కాస్త బిగుతుగా ఉండటం సహజమే గానీ, తల తిరుగుతున్నట్లు అనిపిస్తే వెంటనే తీసేయాలి. తర్వాత దానిని అంచు నుంచి, దాని మీద ఉండే వలయాల గీతల వెంట, ఒక్కో వలయం చొప్పున మాత్రమే కత్తిరించాలి. ఇక పిడికిలి బిగించినప్పుడు మణికట్టు లోపలి వైపు స్నాయువులు తాళ్లలా లేచి, వాటి మధ్య పల్లం ఏర్పడుతుంది, నీరు తరచుగా అక్కడి నుంచే కారుతుంది కనుక, చేతి సీలును ఆ పల్లం దాటి మోచేతి వైపుకు జరిపి పెట్టుకోండి.