ఫ్రాటర్నిటీలో చేరతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా బాబు ఈ ఏడాదే ఆస్టిన్‌లో యూనివర్సిటీలో చేరాడు. ఇప్పుడు ఫ్రాటర్నిటీలో, అంటే కాలేజీ మగపిల్లల సంఘంలో, చేరతానంటున్నాడు. వాళ్ల నాన్న 'తాగుబోతు సావాసం, వీల్లేదు' అని కేకలేశారు. అప్పట్నుంచి వాడు ఫోనెత్తడం లేదు.

జవాబు: అమ్మా, మీవారి భయం ఉత్తది కాదు. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో టిమొతీ పియాజా అనే 19 ఏళ్ల కుర్రాడు ఫ్రాటర్నిటీలో కొత్త సభ్యుడిగా చేరిన రాత్రే అక్కడివాళ్లు పట్టించిన మందుకు తూలి మెట్ల మీంచి పడ్డాడు. ఆ ఫ్రాటర్నిటీ ఇంట్లో అంతమంది ఉండీ మర్నాడు పొద్దెక్కేదాకా, దాదాపు 12 గంటలు, ఒక్కరూ 911కి ఫోన్ చేయలేదు. ఆ మర్నాడు ప్రాణం పోయింది.

అలాగని అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. అంత పెద్ద క్యాంపస్‌లో ఎవరూ తెలియని పిల్లాడికి కలిసి తినే నలుగురు దొరకడం చిన్న విషయం కాదు. ఇంటర్న్‌షిప్‌కి దారి చూపే సీనియర్లూ ఉంటారు. దక్షిణాసియా పిల్లలు 1998లో ఆస్టిన్‌లోనే పెట్టుకున్న డెల్టా ఎప్సిలాన్ సై లాంటివీ ఉన్నాయి. మనవాళ్లదే కదా అని మాత్రం నిశ్చింతగా ఉండకండి. ఆ సంఘానికి కట్టే సెమిస్టర్ ఫీజులు ఎటూ తప్పవు.

అసలు ప్రమాదం చేరాక మొదటి కొన్ని వారాల్లో, 'ప్లెడ్జ్' పేరుతో కొత్తవాళ్లకు పెట్టే పరీక్షల్లో ఉంది. టెక్సస్‌లో కాలేజీలు గత మూడేళ్ల రాగింగ్ శిక్షల వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. వాడు చెప్పే సంఘం పేరు అందులో ఉందేమో వాడితోనే వెతికించండి. ఉంటే వద్దని గట్టిగా చెప్పండి. రాగింగ్‌కి గురైనవాడు 'ఇష్టపడే చేశాడు' అన్న వాదన అక్కడి చట్టం ముందు చెల్లదు. ఇంట్లో చెప్పొద్దని సీనియర్లు అన్న రోజే బయటికి వచ్చేయాలని ముందే మాట తీసుకోండి.

ఇంకొకటి వాడికి తప్పక తెలియాలి. మందు ఎక్కువై ఎవరైనా పడిపోతే, ముందుగా 911కి ఫోన్ చేసి అక్కడే ఉండి సహకరించిన కుర్రాడిపై, వాడూ తాగి ఉన్నా, వయసు చాలకుండా తాగాడన్న కేసు లేకుండా టెక్సస్ చట్టం కాపాడుతుంది.

ముందు వాళ్ల నాన్ననే ఫోన్ చేయమనండి. ఊరికే వద్దని శాసిస్తే చెప్పకుండా చేరతాడు, అప్పుడు ఆపదొచ్చినా మీకు చెప్పడు. 'ఏ రాత్రయినా పిలువు, తిట్టను, మూడు గంటల్లో అక్కడుంటా' అని ఆయన నోట రావాలి. ఎత్తకపోతే అదే మాట వాట్సాప్‌లో పెట్టమనండి. మార్కులు, ఖర్చుల సంగతి వచ్చే వారం మాట్లాడుకోవచ్చు.