అడగండి చెప్తాం: మూన్‌కేక్ సంగతులు

ప్ర: మా అబ్బాయి చైనాలోని షెన్‌జెన్ నుంచి వస్తూ మూన్‌కేకులు తెచ్చినాడు, ఎర్ర రేకు డబ్బాలో నాలుగు. కోస్తే మధ్యలో గుడ్డు సొన, అదీ ఉప్పగా! మా జేజి చూసి తీపిలో గుడ్డేంది, ఏ నూనెతో చేసినారో ఏమో అని ముట్టుకోలేదు. ఇది అక్కడోళ్ల పాతకాలం తిండేనా, ఇప్పటి కంపెనీలోళ్లు పుట్టించిందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జ: పాతదేనమ్మా. మీకొచ్చింది దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు చేసే కాంటనీస్ రకం. వాళ్ల ఎనిమిదో నెల పున్నమి పండగకి తింటారు, చాలా ఏళ్లు అది మన భాద్రపద పున్నమి రోజే పడుతుంది, కొన్నేళ్లు ఆశ్వయుజంలోకి పోతుంది. లోపలి ముద్ద తామర గింజలది, ఉడకబెట్టి రుబ్బి చక్కెరా నూనే పోసి, ఓళిగల పూర్ణం మాదిరే దగ్గరపడేదాకా పొయ్యి మీద తిప్పుతానే ఉండాల. సొన బాతుగుడ్డుది, వారాల తరబడి ఉప్పులో ఊరబెట్టి తీస్తారు, నిండు చందమామకి గుర్తు అంటారు గానీ అసలు ఆ తీపికి ఉప్పు తగలకపోతే రెండో ముక్క దిగదు, నా మటుకు నాకు సొన ఉన్న ముక్కే కావాల.

ఇంక నూనె. పైపిండిలో చక్కెర పాకం, కొంచెం క్షారనీళ్లు, వాటితో పాటు మామూలుగా వేసేది శెనక్కాయ నూనే, అనంతపురమోళ్లకి ఇంతకంటే ఏం కావాల! అయితే లోపలి ముద్దలో కొందరు పంది కొవ్వు కలుపుతారు కాబట్టి డబ్బా మీద రాసింది అబ్బాయితో చదివించుకుని అప్పుడు జేజికి పెట్టండి.

పనితనమంతా అచ్చు దగ్గరుంది. చెక్కిన చెక్క అచ్చులో బిళ్లని ఒత్తి, బల్లకేసి ఈ పక్క ఒక దెబ్బ ఆ పక్క ఒక దెబ్బ ఠప్పుమని కొడితే అంచు చెదరకుండా ఊడి చేతిలో పడాల. కాల్చి తీసినప్పుడు పైపొర గట్టిగానే ఉంటుంది, రెండు మూడు రోజులు పక్కన పెడితే లోపలి నూనె పైకి ఊరి మెత్తబడి మెరుస్తుంది, అందుకే దీన్ని పొయ్యి దింపంగానే తినరు. ఒక్కరే ఒకటి లాగించొద్దు, ఎనిమిది ముక్కలు కోసి చక్కెర లేని టీతో తినండి, షుగర్ ఉన్నోళ్లయితే వాసన చూసి వదిలేయండి.

ప్ర: మంగోలుల మీద తిరుగుబాటుకి మూన్‌కేకుల్లో చీటీలు పెట్టి పంచినారంట, నిజమేనా?
– ఒక విద్యార్థి, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జ: కథ భలే ఉంది, ఆధారమే లేదు. యువాన్ అనే ఆ మంగోలుల పాలన పోయి 1368లో మింగ్ రాజ్యం వచ్చిన మాట నిజం, చీటీల ముచ్చట మాత్రం ఆ కాలం రాతల్లో కనపడదు.

ప్ర: చైనా అంతా ఇదే రకమా?
– ఒక బేకరీ ఓనరు, కర్నూలు

జ: ఊరికో రకం సార్. సూజౌలో పంది కొవ్వుతో పొరలు పొరలుగా చేస్తారు, మాంసం కూరినవైతే వేడివేడిగా అమ్ముతారు. షాన్‌షీలోని తైయువాన్‌ది ఇంకో తీరు, పేరు గ్వోదూలిన్. గ్వో, దూ, లిన్ అని ముగ్గురు పనోళ్లు తాగి పడుకుంటే పిండి పులిసిపోయిందంట, ఓనరు తిడతాడని దాంట్లోనే కొత్త పిండి కలిపి కాలిస్తే ఆ రుచే జనానికి పట్టిందని అక్కడ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ ఈ గ్వోదూలిన్ పనితనాన్నీ, ఒక కాంటనీస్ రకాన్నీ 2008లో చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చినారు, పండగకి ప్రభుత్వ సెలవు మొదలైందీ ఆ ఏడే. మీ బేకరీలో పనోళ్లకి మాత్రం ఈ కథ చెప్పొద్దు.