అమ్మకు ఫోన్ చేయని అద్వైతం

హైదరాబాద్ నుంచి నలభై రెండేళ్ల పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశమిది. ఆయన కొన్నేళ్లుగా, ఉన్నది ఒక్క ఆత్మేనని చెప్పే అద్వైత ప్రవచనాలు వింటున్నారు, ఏటా అరుణాచలం వెళ్లి వస్తున్నారు. తాను అన్నిటినీ అంటకుండా చూసే సాక్షి మాత్రమేనన్న ఎరుక కలిగాక ఎవరి మీదా ప్రత్యేకమైన ప్రేమ మిగల్లేదని, అందరూ సమానమేనని అంటున్నారు. రాయితో కాపురం చేస్తున్నట్టుందని భార్య బాధపడుతోందట. ప్రేమ మాయ అన్న సత్యాన్ని ఆమెకు చెప్పేయాలా, మౌనంగా ఉండాలా అన్నది ఆయన ప్రశ్న. తెనాలిలోని ఇంటిని తల్లి తమ్ముడి పేర రాశాక ఆమెతో మాట్లాడటం మానేశానని, ఆ బంధం దానంతటదే రాలిపోయిందని చివర్లో ఒక్క వాక్యం రాశారు.

జవాబు: మీ భార్యకు ఏమీ చెప్పనవసరం లేదు. మీ సమస్య ఆమె కాదు, మీ అమ్మగారు.

అందరూ సమానమే అయినప్పుడు అమ్మ ఒక్కతే ఎందుకు రాలిపోయింది? మీ భార్య మేడ మీదికి వెళ్లి అత్తగారితో ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడుతోందని, మీ అమ్మగారి కంటి ఆపరేషన్ సంగతి మీకు అలాగే తెలిసిందని మీరే రాశారు. సాక్షికి ఆ తగ్గించిన గొంతు అంతగా ఎందుకు గుచ్చుకుంది? దానిని వైరాగ్యం అనరండీ, అలక అంటారు. ఇల్లు మీ అమ్మగారి పేరిట ఉన్నదే కనుక, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం దాని మీద ఆమెకు సంపూర్ణమైన హక్కు ఉంది. అడిగే హక్కు, అలిగే హక్కు పెద్దకొడుకుగా మీకూ ఉన్నాయి. నోరు తెరిచి అడిగి ఉంటే మీ ఆత్మగౌరవానికి లోటేమీ వచ్చేది కాదు. అడగకుండా ఉపనిషత్తు చాటున దాక్కోవడమే నాకు చిన్నతనంగా కనిపిస్తోంది.

భర్త కోసం భర్త ప్రియుడు కాడు, ఆత్మ కోసమే ప్రియుడవుతాడని యాజ్ఞవల్క్య ఋషి తన భార్య మైత్రేయితో అన్న మాటను మీరు ఉదహరించారు. బృహదారణ్యక ఉపనిషత్తులోని ఆ సంభాషణ ఎలా మొదలవుతుందో కూడా చూడండి. ఇల్లు విడిచిపోదలచిన ఆ ఋషి ముందుగా మైత్రేయికీ రెండో భార్య కాత్యాయనికీ ఆస్తి పంపకం తేల్చాలనుకుని, ఆ మాట మైత్రేయిని ఎదుట కూర్చోబెట్టుకొని చెప్పాడు. అక్కడ ఆత్మ అంటే మీ ఇంటిపేరు, పాన్ కార్డు ఉన్న మనిషి కాదు. ఎదుటి మనిషిలోనూ మీలోనూ ఉన్నది ఒక్కటే కనుక ఆ మనిషి ప్రియమవుతోందని నేను అర్థం చేసుకున్నాను. అది ప్రేమకు మూలం చెప్పే మాటే తప్ప, ప్రేమను కొట్టివేసే మాట కాదు.

ఇక మీరు ఏటా వెళ్లే అరుణాచలంలో జీవించిన భగవాన్ రమణులు. 1896లో పదహారేళ్ల వయసులో మదురైలోని ఇల్లు విడిచి వెళుతూ ఆయన రాసిన చీటీ ‘నేను’ అని మొదలై, మధ్యలో ‘ఇది’గా మారి, సంతకం లేకుండా ముగుస్తుంది. అయినా అన్నగారి కాలేజీ ఫీజుకని ఇచ్చిన అయిదు రూపాయల్లో మూడే తీసుకుని, ఫీజు కట్టలేదని రాసి, మిగిలిన రెండూ ఆ చీటీతోనే ఉంచి వెళ్లారు. తల్లి అళగమ్మాళ్ వచ్చి ఎంత ఏడ్చినా ఆయన ఇంటికి తిరిగి రాలేదన్న కథ మీబోటివారికి బాగా గుర్తుంటుంది. ఆ తల్లే 1916లో కొడుకు దగ్గరకు చేరిందని, 1922 మే 19న ఆమె కన్నుమూసే రోజున, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆయన ఒక చేయి ఆమె గుండె మీద, ఇంకొకటి తల మీద ఉంచి పక్కనే కూర్చున్నారని గుర్తుండదు. సన్యాసం తీసుకుంటామని వచ్చిన గృహస్థులను ఆయన ప్రోత్సహించనూ లేదు.

ఈ ఆదివారం తెనాలి వెళ్లండి. ప్రవచనాల ఊసు ఎత్తకండి. కన్ను ఎలా ఉందో, చుక్కల మందు ఎవరు వేస్తున్నారో అడగండి. ఒకటి రెండు పూటలు మీరే వేయండి. భోజనాలయ్యాక, తమ్ముడు లేనప్పుడు, ఇంటి విషయంలో మనసు కష్టపడిందని తిన్నగా చెప్పండి. ఆమె ఇచ్చే కారణం మీకు నచ్చకపోవచ్చు, పూర్తిగా వినండి. ఆ తరవాత కూడా భార్య మీద ప్రేమ లేదనిపిస్తే అప్పుడు నాకు మళ్లీ రాయండి.