పర్లాకిమిడిలో (ఒడిశా) ఫిజిక్స్ మేజర్, మ్యాథ్స్ మైనర్: పట్టాలో రెండూ మేజర్‌గా రావాలంటే

ఫిజిక్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మ్యాథ్స్ మైనర్ (అనుబంధ సబ్జెక్టు)గా చదువుతూ, రెండూ మేజర్ కావాలంటే ఏం చేయాలని అడిగారు. మీ మ్యాథ్స్ 24 క్రెడిట్ల (పేపర్లకిచ్చే పాయింట్ల) దగ్గరే ఆగుతోంది. అది మైనర్ లెక్క. మూడేళ్లు బాగా చదివినా పట్టాలో అది మేజర్ కాదు.

డిగ్రీ కోర్సులకి యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన నమూనా ప్రకారం:

1. మూడేళ్ల డిగ్రీకి మొత్తం 120 క్రెడిట్లు. మొదటి మేజర్‌కి సగం, అంటే 60.
2. రెండో మేజర్‌కి కనీసం 40 శాతం, అంటే 48. మీకింకా 24 కావాలి.
3. అందరూ వదిలేసేది ఇదే: 60, 48 కలిపితే 108. మిగిలిన 12లో భాషలు, స్కిల్ పేపర్లు, ఇంటర్న్‌షిప్ అన్నీ పట్టవు. కాబట్టి 120 దాటాల్సిందే. సెమిస్టర్‌కి అదనపు పేపర్లు ఎన్ని ఒప్పుకుంటారో రిజిస్ట్రేషన్‌కి ముందే యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక) కోర్సు తీసుకుంటే, అది మ్యాథ్స్ మేజర్ పేపర్‌కి సమానమని డిపార్ట్‌మెంట్ ముందుగా ఒప్పుకోవాలి. లేదంటే క్రెడిట్లు వచ్చినా వేరే ఖాతాలో పడతాయి.

ఆంధ్రాలో, పాతపట్నం వైపు చదివే మీ బావ చెప్పిన రూల్స్ పక్కన పెట్టండి. మీది ఒడిశా. ఆంధ్రాలో 2023-24లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి తెచ్చారు, అది వేరు.

యూనివర్సిటీ రెండో మేజర్ కాదంటే, ఒకేసారి రెండు డిగ్రీలు చదవడంపై యూజీసీ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాల కింద దూరవిద్యలో రెండో డిగ్రీ చేయొచ్చు. ఆ కోర్సుకి ఆ ఏడాది యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకునే ఫీజు కట్టండి.