సందేహాలు – సమాధానాలు: సెలవు దాటితే పరారీయేనా?

సందేహం: మా వీధిలో ఒక కుర్రాడు నేవీలో సెయిలర్. సంక్రాంతికి సెలవు మీద వచ్చాడు, ప్రభల తీర్థం అయ్యాక జ్వరం తగిలి, సెలవు అయిపోయినా నాలుగు రోజులుగా ఇంట్లోనే ఉన్నాడు. రేపు బయల్దేరతాడు. ఈలోగా ఊళ్ళో ‘నేవీ నుంచి పరారై వచ్చేశాడట’ అని మొదలుపెట్టారు. ఒకాయనైతే ‘ఓడలో తిరుగుబాటు చేశాడట, మార్షల్ లా పెడతారట’ అన్నాడు. వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్. గైర్హాజరు, పరారీ, ధిక్కారం, తిరుగుబాటు, వీటికి తేడా ఏమిటి? మార్షల్ లా, కోర్టు మార్షల్ ఒకటేనా? – ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: అమ్మా, ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్ళి చెప్పండి, వాళ్ళబ్బాయి విషయంలో సరైన మాట గైర్హాజరు. సెలవు మించి ఉండిపోవడం. అది తప్పే, జవాబు చెప్పుకోవాల్సిందే. డాక్టరు కాగితాలు వెంట తీసుకెళ్ళమనండి, ఇంకా చేయకపోతే తన ఓడకో యూనిట్‌కో ఇవాళే ఫోన్ చెయ్యమనండి. పరారీ చాలా పెద్ద మాట. తిరుగుబాటు అంతకంటే పెద్దది. ఊళ్ళో నోటికొచ్చినట్టు ఏదో ఒకటి అనేస్తారు గానీ, ఈ మాటల్లో ఒకదానికి జీతంలో కోతతో సరిపోవచ్చు, ఇంకోదానికి మరణశిక్ష దాకా ఉంది.

మన నౌకాదళానికి వర్తించేది 1957 నాటి నేవీ చట్టం, 1958 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం తన ఓడకు గానీ, డ్యూటీ ఉన్న చోటికి గానీ ఇక తిరిగి వెళ్ళకూడదన్న ఉద్దేశంతో దూరమైతే అది పరారీ. సెలవు మీద సక్రమంగా ఇంటికి వచ్చినవాడైనా సరే, మధ్యలో ‘ఇక వీడు వెళ్ళడు’ అని తేలిపోయే పని ఏదైనా చేస్తే దాని కిందికే వస్తాడు. ఆ ఉద్దేశం లేకుండా ఆలస్యమైతే గైర్హాజరు. కాబట్టి రోజుల లెక్క ఒక్కటే చూస్తే చాలదు, మనిషి మనసులో ఏముందో చూడాలి, మనసులో ఏముందో అతని పనులను బట్టి తేల్చాలి. తిరుగు ప్రయాణానికి సిద్ధమై జ్వరంతో మంచం మీద పడుకున్నవాణ్ణి పట్టుకుని పరారీ అనడం మాటకీ అన్యాయం, మనిషికీ అన్యాయం.

పరారీ, గైర్హాజరు, ఈ రెండు మాటలూ ఉర్దూ నుంచి కచేరీల ద్వారా, అంటే సర్కారు ఆఫీసుల ద్వారా, మనకు వచ్చినవి. ఫరార్ అంటే పారిపోవడం, గైర్ అంటే కానిది, హాజర్ అంటే ఎదుట ఉన్నది. గోదావరి డెల్టాకు సముద్రం కొత్త కాదు, కోరంగి రేవు నుంచి ఎంతమంది వెళ్ళారంటే బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరే పడిపోయింది. సరంగు, కళాసీ లాంటి పని మాటలు మనకు రేవుల్లో అలవాటయ్యాయి. నేరాల పేర్లు మాత్రం కచేరీలోంచి, పోలీసు కాగితాల్లోంచి వచ్చాయి. ‘నిందితుడు పరారీలో ఉన్నాడు’ అని రోజూ పేపర్లో చదివే మనకు ఆ మాట వినగానే దొంగే గుర్తొస్తాడు. ఆ తల్లి ఏడుపుకు సగం కారణం ఇదే.

ఇక చరిత్ర. ఓడలో క్రమశిక్షణకు రాతపూర్వకంగా శిక్షలు పెట్టడం చాలా పాతది, 1190లో ఇంగ్లండు రాజు రిచర్డ్ క్రూసేడు అనే మతయుద్ధానికి వెళ్ళే ఓడల కోసం చేసిన శాసనంలో, ఓడ మీద మనిషిని చంపినవాణ్ణి ఆ శవానికే కట్టి సముద్రంలో పడేయమని ఉంది. మన చట్టానికి మూలమైన వరస మాత్రం 1652లో మొదలైంది. డచ్చివారి చేతిలో ఇంగ్లండు తీరంలోని డంజనెస్ దగ్గర ఓడిపోయాక, కొందరు కెప్టెన్లు యుద్ధంలోకి సరిగ్గా దిగలేదని కోపం వచ్చి ఇంగ్లండు పార్లమెంటు 39 నియమాలు చేసింది. 1661లో అవి పూర్తిస్థాయి చట్టమయ్యాయి, 1749లో మళ్ళీ దిద్దారు. వాటినే ‘ఆర్టికల్స్ ఆఫ్ వార్’ అంటారు. నావికులందర్నీ డెక్ మీద నిలబెట్టి వాటిని చదివి వినిపించేవారు. వాటిని ‘యుద్ధ నియమాలు’ అని తెలుగు చెయ్యకండి, యుద్ధంలో శత్రువుతో ఎలా మెలగాలో చెప్పేవి యుద్ధ నియమాలు. ఇవి సొంత మనుషుల నేరాలకు శిక్షలు, కాబట్టి ‘నౌకాదళ శిక్షా నియమాలు’ అంటే సరిపోతుంది.

ఆ కాలంలో నావికుడికి ఒడ్డుకు దిగే సెలవు దొరకడమే గగనం. చాలామందిని రేవుల్లో బలవంతంగా పట్టుకొచ్చి ఓడ ఎక్కించేవారు, దించితే మళ్ళీ రారన్న భయంతో నెలల తరబడి ఓడలోనే ఉంచేవారు. మనిషి కనిపించకపోతే హాజరు పుస్తకంలో అతని పేరు ఎదురుగా ‘ఆర్’ అని ఒక్క అక్షరం, అంటే ‘రన్’, పారిపోయాడు అని. ఆ అక్షరంతో అప్పటిదాకా రావాల్సిన జీతం కూడా పోయేది. 1793లో ఫ్రాన్సుతో మొదలైన యుద్ధంలో 42,000 మంది ఇలా వెళ్ళిపోయారని బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ 1803లో లెక్క చెప్పాడు. అంతమంది పిరికివాళ్ళూ కాదు, ద్రోహులూ కాదు. ఇంటికి వెళ్ళడానికి వాళ్ళకు వేరే దారి లేదు. సెలవు అనేది దక్కితేనే గదా సెలవు మించడం అనే చిన్న తప్పుకు చోటుండేది! 1866 నాటి బ్రిటిష్ నౌకాదళ చట్టంలో పరారీ, గైర్హాజరు వేర్వేరు నేరాలుగా ఉన్నాయి. 1934లో రాయల్ ఇండియన్ నేవీ ఏర్పడినప్పుడు ఆ చట్టాన్నే కొద్ది మార్పులతో మన వాళ్ళకూ వర్తింపజేశారు.

నేరాల మధ్య తేడా చెరిపేస్తే ఏమవుతుందో బ్రిటిష్ అడ్మిరల్ బింగ్ కథ చెబుతుంది. 1756లో మధ్యధరా సముద్రంలోని మినోర్కా దీవి దగ్గర ఫ్రెంచి నౌకలను ఓడించలేకపోయాడని విచారణ జరిపారు. పిరికితనం లేదు, ద్రోహం లేదు, కానీ చేయగలిగినంతా చేయలేదు అని కోర్టు తేల్చింది. 1749 చట్టంలో ఈ మూడింటికీ ఒకటే శిక్ష, మరణం. తగ్గించే అధికారం కోర్టుకు లేదు. క్షమించమని ఆ న్యాయమూర్తులే రాజును బతిమాలినా వినలేదు. మన దగ్గర బొబ్బిలి యుద్ధం జరిగిన 1757లోనే, మార్చి 14న, అతన్ని మొనార్క్ అనే ఓడ డెక్ మీద కాల్చి చంపారు. ‘లేదా మరో తగిన శిక్ష’ అన్న ముక్క ఆ నియమంలో చేరడానికి 1779 దాకా పట్టింది. నాకు ఈ కథ తలుచుకున్నప్పుడల్లా బాధగానే ఉంటుంది.

ఇప్పుడు తిరుగుబాటు. మన చట్టంలో దీని నిర్వచనానికి ఆయువుపట్టు కలిసికట్టుతనం. కనీసం ఇద్దరు కూడాలి. కూడబలుక్కుని అధికారాన్ని ఎదిరించడం అని తెలుగులో చక్కగా చెప్పొచ్చు. ఒక్కడే మాట వినకపోయినా, పై అధికారితో దురుసుగా మాట్లాడినా అది ధిక్కారమే, ఎంత గట్టిగా అరిచినా తిరుగుబాటు కాదు. మీ వీధి కుర్రాడు ఒంటరిగా జ్వరంతో పడుకుని తిరుగుబాటు చేశాడనడం చట్టం ప్రకారం కుదిరే మాటే కాదు.

దీనికి గోదావరి వాళ్ళకు ఇంకో మాట ఉంది, పితూరీ. 1879లో రంపలో జరిగినదాన్ని రంప పితూరీ అనే అంటాం. ఇదీ ఉర్దూ నుంచి వచ్చిందే. ఇప్పుడు అదే మాటను ‘నా మీద పితూరీలు చెబుతున్నాడు’ అంటూ చాడీలకు, ఫిర్యాదులకు వాడుతున్నాం. ఒకే మాటకు తిరుగుబాటు, ఫిర్యాదు రెండు అర్థాలు ఎలా వచ్చాయని చాలామంది అడుగుతారు. నౌకాదళాల చరిత్ర చూస్తే ఆ రెండూ ఎంత దగ్గరివో తెలుస్తుంది. 1749 నియమాల్లో 21వది ఏమంటుందంటే, తిండి బాగోలేదని గానీ మరే న్యాయమైన కారణంతో గానీ ఫిర్యాదు ఉంటే నెమ్మదిగా పై అధికారికి చెప్పుకోవాలి, ఆ వంకతో అలజడి రేపకూడదు. బాగానే ఉంది, మరి నెమ్మదిగా చెప్పినది ఎవరూ వినకపోతే? 1797 వసంతంలో ఇంగ్లండు తీరాన ఓడలు లంగరేసే స్పిట్‌హెడ్‌లో నావికులు అర్జీలు పంపి, జవాబు లేక, ఏప్రిల్ 16న ఓడలు కదల్చబోమన్నారు. వందేళ్ళకు పైగా పెరగని జీతం, తూకంలో తక్కువ వచ్చే తిండి, జబ్బు పడ్డవాళ్ళకు వైద్యం, ఒడ్డుకు దిగే సెలవు. అడిగినవి అవీ. చివరికి జీతం పెంచారు, రాజు క్షమాభిక్ష పెట్టాడు. ఆ వెంటనే థేమ్స్ నది ముఖద్వారంలోని నోర్ దగ్గర మొదలైన మరో తిరుగుబాటుకు నాయకుడైన రిచర్డ్ పార్కర్‌ను మాత్రం జూన్ 30న ఉరితీశారు.

మన బొంబాయిలో 1946 ఫిబ్రవరి 18న రాయల్ ఇండియన్ నేవీ శిక్షణ కేంద్రం తల్వార్‌లో మొదలైనదీ తిండి గురించిన ఫిర్యాదుతోనే, అధికారి బూతులు తిట్టడం మీద కోపంతోనే. కరాచీ, మద్రాసు, కలకత్తా, విశాఖ దాకా పాకింది. వాళ్ళు తమ కమిటీకి సమ్మె కమిటీ అని పేరు పెట్టుకున్నారు, ప్రభుత్వం తిరుగుబాటు అంది. నన్నడిగితే దానికి మన పితూరీ అన్న మాటే అన్నివిధాలా అతుకుతుంది, ఫిర్యాదూ అందులో ఉంది, ఎదురు తిరగడమూ ఉంది.

కోనసీమ వాళ్ళకు ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మర్చంట్ నేవీలో చేసే పిల్లల్ని కూడా మనం ‘నేవీలో ఉన్నాడు’ అనేస్తాం. వాళ్ళు వ్యాపార నౌకల ఉద్యోగులు, వాళ్ళ చట్టం వేరు, వాళ్ళకు కోర్టు మార్షల్ ఉండదు.

చివరి ప్రశ్న. మార్షల్ లా అంటే మామూలు పాలన పక్కన పెట్టి ఒక ప్రాంతాన్ని సైన్యం చేతికి ఇవ్వడం, సైనిక పాలన. 1919లో జలియన్‌వాలా బాగ్ కాల్పుల తర్వాత పంజాబులో పెట్టింది అది. దాన్ని ఊరి మీద పెడతారు గానీ ఒక కుర్రాడి మీద పెట్టరు. కోర్టు మార్షల్ అంటే సైనికుల్ని విచారించే న్యాయస్థానం. నౌకాదళంలో అయిదుగురికి తగ్గకుండా తొమ్మిదిమందికి మించకుండా అధికారులు కూర్చుంటారు, న్యాయ విషయాలు చెప్పడానికి జడ్జి అడ్వొకేట్ ఉంటాడు. చిన్న తప్పులు అంతదాకా వెళ్ళవు, ఓడలోనే కమాండింగ్ ఆఫీసర్ విచారించి తేల్చేస్తాడు. ‘సైనిక న్యాయస్థానం’ అని రాసినా తప్పులేదు గానీ కోర్టు మార్షల్ అందరికీ తెలిసిన మాట, అలాగే ఉంచండి. ‘అతన్ని కోర్టు మార్షల్ చేశారు’ అని రాస్తే విచారించారని మాత్రమే అర్థం. శిక్ష పడిందని చెప్పాలంటే అది విడిగా రాయాలి, ఎందుకంటే కోర్టు మార్షల్‌లో నిర్దోషిగా బయటపడేవాళ్ళూ ఉంటారు.