సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ 11 వేస్తే డీటీపీ ఫైళ్లు పోకుండా ఎట్లా?

ప్రొద్దుటూరులో డీటీపీ సెంటర్ నడుపుతున్న అన్న అడిగింది ఇదీ: 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో సీ, 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో డీ. విండోస్ 10 తీసేసి 11 కొత్తగా వేయాలి, శుభలేఖల ఫైళ్లు ఒక్కటీ పోకూడదు. అన్నీ డీలో పెట్టుకుంటే చాలా?

చాలదు అన్నా. డీ వేరే డిస్క్ కాబట్టి దానికొచ్చే ముప్పు తక్కువ. సీలో మనం పెట్టామని కూడా గుర్తులేనివే పోతాయి.

ముందు ప్రాసెసర్ చూసుకోండి. ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ పైది ఉండాలి, బయోస్‌లో (సిస్టం ఆన్ అవగానే తెరిచే సెట్టింగుల్లో) టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఆన్ అయి ఉండాలి. ఇవి లేవని ఫార్మాట్ చేశాక తెలిస్తే షాపు ఆగిపోతుంది.

మీ పనికి ప్రాణం అను ఫాంట్లు. అనులో కొట్టిన మ్యాటర్ లోపల ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌గానే ఉంటుంది, తెలుగు రూపం ఇచ్చేది ఫాంటే. ఫైలు భద్రంగా ఉన్నా ఆ ఫాంటు లేకపోతే పెళ్లికొడుకు పేరు పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. అందుకే సీలోని విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి, అను ఇన్‌స్టాలర్ కూడా దగ్గర ఉంచుకోండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ నాలుగూ సీలోనే ఉంటాయి. వాటిలో నీలం మేఘం గుర్తున్న ఫైళ్లు వన్‌డ్రైవ్‌లో ఉన్నాయే తప్ప మీ డిస్క్‌లో లేవు, ముందు డౌన్‌లోడ్ చేసుకోవాలి. క్రోమ్ పాస్‌వర్డ్‌లు ఫోల్డర్ కాపీ చేస్తే రావు, పాత విండోస్ ఖాతాతోనే వాటికి తాళం పడి ఉంటుంది. సెట్టింగ్స్‌లోంచి ఎక్స్‌పోర్ట్ చేయండి, పని అయ్యాక ఆ ఫైలు చెరిపేయండి. ట్యాలీ ఉంటే డేటా బ్యాకప్‌తో పాటు లైసెన్స్ సరెండర్ (ఈ సిస్టం నుంచి లైసెన్స్ విడిపించడం) కూడా ఫార్మాట్‌కు ముందే చేయాలి.

ఇవన్నీ, డీ మొత్తంతో సహా, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోండి. అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ అయితే మేలు. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు ఇంకో సిస్టంలో తెరిచి చూడండి. కాపీ సగంలో తెగినా ఫోల్డర్ పేర్లు మాత్రం నిండుగానే కనిపిస్తాయి. డీ గుర్తు మీద తాళం ఉంటే దానికి బిట్‌లాకర్ వేసి ఉందని అర్థం, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, అదిగానీ దాని పాస్‌వర్డ్‌గానీ లేకుండా కొత్త విండోస్‌లో డీ తెరుచుకోదు.

విండోస్ 11 సెటప్ ఎక్కించుకోవడానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. సిస్టం ఆపి, ప్లగ్ పీకి, డీ హార్డ్‌డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ ఊడదీయండి. నేనైతే ఈ పని ఎప్పుడూ వదలను. సెటప్ తెరలో సీ, డీ అనే అక్షరాలు రావు, డిస్క్ 0, డిస్క్ 1 అని సైజులతో వస్తాయి, తొందరలో తప్పు డిస్క్ నొక్కడం తేలిక. పైగా విండోస్ తన బూట్ ఫైళ్లను ఒక్కోసారి రెండో డిస్క్‌లో పెట్టేస్తుంది, రేపు ఆ డిస్క్ పాడైతే సిస్టం లేవదు. కేబుల్ తీసేస్తే రెండూ జరగవు. తర్వాత పెన్‌డ్రైవ్‌తో సిస్టం ఆన్ చేసి, ప్రొడక్ట్ కీ లేదని నొక్కి, పాతది హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో ఎంచుకోండి. ప్రొడక్ట్ కీ లేదని నొక్కి, పాతది హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో ఎంచుకోండి. డిజిటల్ లైసెన్స్ ఉంటే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. కరెంటు పోతే సగంలో ఆగకుండా యూపీఎస్ మీదే నడపండి.

అయ్యాక సిస్టం ఆపి కేబుల్ తగిలించండి. డీ అక్షరం మారి 'ఈ' (E) అయిందేమో డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూసి, మళ్లీ డీ చేయండి. పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తాను లింక్ చేసిన ఫొటోలను డీ దారిలోనే వెతుకుతుంది. ఏదైనా ఫోల్డర్ 'యాక్సెస్ డినైడ్' అంటే ఫైలు పోయినట్టు కాదు. పాత ఖాతా పేరు మీద ఉందంతే, ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీలో ఓనర్‌గా మీ పేరు పెట్టుకోండి.

పాత ఆర్డర్లు ఓ ఇరవై తెరిచి, ఒకటి రెండు ప్రింట్ తీసి సరిచూసేదాకా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోది ఏదీ చెరపొద్దు.